కొత్త బండికి తాతగారి చొక్కా

గుంటూరు మిర్చి యార్డులో బేరం మొదలయ్యేది ఒకే ప్రశ్నతో: కొత్త కాయా, ఏసీ కాయా? నిరుటి పంటను కోల్డు స్టోరేజీలో దాచేది రంగు చెడకూడదనీ, పాత కాయ కూడా కొత్త కాయలాగే కళకళలాడాలనీ. ఇది లోకమంతటా ఉన్న ధర్మమే. పాతదాన్ని కొత్తదిలా చూపించుకోవాలని ఎవరికి ఉండదు? కాని ఇదే ఊళ్లో, ఆటోనగరు షెడ్లలో, దీనికి సరిగ్గా తలకిందులైన పని ఒకటి జరుగుతున్నది. కొత్త మోటారు సైకిళ్లకు పాత వేషం కడుతున్నారు.

బండి ఈమధ్యే షోరూము నుంచి వచ్చినదై ఉంటుంది. మీట నొక్కితే స్టార్టవుతుంది. ముందు చక్రానికి డిస్కు బ్రేకు, ఇంజనుకు ఎంత పెట్రోలు అందాలో లెక్క కట్టే చిన్న కంప్యూటరు, అన్నీ అమరి ఉంటాయి. దాని మీది ప్లాస్టిక్కు తొడుగులన్నీ ఊడదీసి, కన్నీటి చుక్క ఆకారంలో ఇనుప టాంకు, చక్రాన్ని అటూ ఇటూ దిగి కప్పే లోతైన మడ్డుగార్డులు, గుండ్రటి పెద్ద హెడ్‌లైటు, అడుగున స్ప్రింగులున్న సీటు, పక్కన సామాను పెట్టె బిగిస్తారు. బజారులో నిలబెడితే 1960 నాటి బండి అనుకుని పెద్దవాళ్లు ఆగి చూస్తారు. తాళం తిప్పేదాకా గుట్టు బయటపడదు.

కుర్రవాళ్లు దీన్ని ‘వింటేజి లుక్కు’ అంటున్నారు. ఆ మాట అసలు ద్రాక్షతోటలది. ఫలానా ఏడు కోసిన పండ్లతో చేసిన ద్రాక్షసారా అని చెప్పడానికి పుట్టింది. ఇంగ్లండులో పాత మోటారు సైకిళ్ల సంఘంవారు 1915కీ 1930కీ మధ్య తయారైన బండ్లకే ఆ పేరు వాడతారు. మనవాళ్లు అంత పిసినారులు కారు. లైటు గుండ్రంగా ఉంటే చాలు, వింటేజే.

ఈ వేషాలు కుర్రవాళ్లు కనిపెట్టినవి కావు. కంపెనీలే దారి చూపించాయి. ఇంగ్లండులోని రెడిచ్ పట్నంలో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు, 1955లో మద్రాసు మోటార్సువారితో కలిసి ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా ద్వారా తిరువొత్తియూరుకు వచ్చింది. అక్కడ తల్లి కంపెనీ 1970 నాటికి మూతపడింది. ఇక్కడ బిడ్డ బతికింది. ఆ బిడ్డే 2009లో ‘క్లాసిక్’ అని ఒక బండిని మన బజారులోకి దించింది. ఇంజను కొత్తది, పై రూపం మాత్రం 1940ల చివరి బండ్లది. జావా సంగతీ అంతే. మైసూరులో ఐడియల్ జావావారు 1961 నుంచి బండ్లు చేసి 1996లో తలుపులు మూశారు. 2018లో జావా మళ్లీ వచ్చినప్పుడు ఇంజను ముందు నీళ్ల రేడియేటరు ఉన్నది. అయినా మనిషి చూసే వైపంతా తాతల నాటి సొగసే, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లతో సహా. ఇంగ్లండువారి ట్రయంఫ్ బానవిల్ ఇంకో అడుగు ముందుకు వేసింది. కార్బురేటరు తీసేసి పెట్రోలు ఇంజెక్షను పెట్టినా, ఆ ఇంజెక్షను సామానును అచ్చం కార్బురేటరులా కనబడేట్టు పోత పోయించారు! ఇది మోసమని నేననను. పెళ్లికి అద్దె తలపాగా చుట్టుకున్నవాణ్ణి రాజుగారని ఎవరూ అనుకోరు గదా.

సరే, కంపెనీ చేసినది వేరు, ఆటోనగరులో చేయించుకునేది వేరు. రెండోదాని మంచిచెడ్డలు నేను దగ్గరుండి చూశాను. చూసేట్టు చేసినవాడు నా మేనల్లుడు. చిలకలూరిపేట పక్క పల్లెలో మిర్చి, పత్తి వేస్తాడు.

మా మెట్ట ప్రాంతంలో ఒకనాడు మోటారు సైకిలంటే ఊరికి ఒకటో రెండో. పొగాకు డబ్బు చేతినిండా వచ్చిన ఏడు కొన్నవే ఎక్కువ. మేనల్లుడి తాతగారు, అంటే మా చెల్లెలి మామగారు, అల్లాగే బుల్లెట్టు కొన్నారు. ఆయన వస్తున్నట్టు ఊరి మొదట్లోనే శబ్దం వినబడేది. ఇంట్లో అన్నం వడ్డించేవారట. తరవాత పత్తి వచ్చింది. పత్తి వెనకాల, 1980ల నడిమి ఏళ్లలో, తెల్లదోమ వచ్చింది. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగిందే గాని తగ్గలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ రెండు మూడేళ్లలో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో పెద్దవాళ్లకు తెలుసు. ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. మా చెల్లెలి మామగారు ప్రాణం నిలబెట్టుకున్నారు, మందుల కొట్టు బాకీ కింద బండి ఇచ్చేశారు. ఆ తరవాత ఆయన మళ్లీ మోటారు సైకిలు ఎక్కలేదు.

మిగిలింది ఒక ఫొటో. ఇంటి ముందు బండి, పక్కన ఆయన, పంచె కట్టుతో. మేనల్లుడు ఆ ఫొటో పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. “మావయ్యా, నా బండి ఇల్లా చేయించాలి. నువ్వు పక్కనుండు, లేకపోతే ఎవడో ఒకడు బోల్తా కొట్టిస్తాడు,” అన్నాడు. వాడిది 150 సీసీ బండి, 2021 మోడలు. కంపెనీ పేరు చెబితే ప్రకటన అనుకుంటారు, వదిలేద్దాం.

“షెడ్డుకు తరవాత పోదాం. ముందు ఆర్టీవో ఆఫీసుకు పద,” అన్నాను.

ఈ ముక్క చదువరులు కాస్త శ్రద్ధగా వినాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. ఆ పత్రంలో ఏమేమి ఉంటాయి? ఇంజను నంబరు, చాసిస్ నంబరు, బాడీ రకం, ఎంతమంది కూర్చోవచ్చు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ దూరం, ఖాళీ బండి బరువు, రంగు. అంటే ఫ్రేము కోసి పొడుగు చేయడం, ఇంకో ఇంజను ఎక్కించడం, ఇవన్నీ ఆటలు కావు. రంగు మార్చినా అక్కడ రాయించుకోవలసిందే. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే, రేపు ఏదైనా జరిగిన నాడు వాళ్లు మొహం చాటేస్తారు.

మేనల్లుడి ఆశంతా ఒంటి సీటు మీద ఉన్నది. స్ప్రింగులతో ఒకే ఒక సీటు, వెనక ఖాళీ మడ్డుగార్డు, బొమ్మల్లో చూసినట్టు. ఆఫీసులో అది కుదరదన్నారు. పత్రంలో ఇద్దరని ఉన్నప్పుడు ఒక్కరికి మార్చడమెల్లా? ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, మంచం మీద కూర్చుని పత్తికాయ ఒలుస్తున్న మా చెల్లెలి అత్తగారు తల ఎత్తారు.

“ఒక్కడే కూర్చునే బండా? మరి నీ పెళ్లాం ఎక్కడ కూర్చుంటుందిరా, బస్సులోనా? మీ తాత నన్ను నరసరావుపేట ఆస్పత్రికి ఆ బండి వెనకాల కూర్చోబెట్టుకునే తీసుకుపోయాడు. మీ నాన్న పుట్టింది ఆ రాత్రే.”

మేనల్లుడు మాట్లాడలేదు. ఆవిడ అక్కడితో ఆగలేదు. “చక్రానికి జాలీ పెట్టించు. చీర కొంగు చక్రంలో పడితే ఏమవుతుందో నీకు తెలియదు, నేను చూశాను,” అన్నారు.

ఆవిడ చెప్పిన జాలీనే మనం శారీ గార్డు అంటున్నాం. వింటేజి సోకు కోసం కుర్రవాళ్లు మొట్టమొదట ఊడబెరికేది దాన్నే. కాని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఏమంటుందంటే, వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆనిక, వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండి తీరాలి. బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. చట్టమూ అత్తగారూ ఒకే మాట చెప్పడం అరుదు. చెప్పినప్పుడు వినడమే మంచిది. సీటు ఇద్దరిదీ అయింది. ముందు భాగం విడిగా, స్ప్రింగుల మీద. వెనక దిండు విడిగా. చూడడానికి పాతకాలంలాగే ఉన్నది.

ఇక షెడ్డు. మేస్త్రి లారీ బాడీలు కట్టడంలో జుట్టు నెరిసినవాడు. విజయవాడ ఆటోనగరులో పని నేర్చాడట. లారీ క్యాబిన్ల పని ఇప్పుడు చాలావరకు కంపెనీలే చేసి పంపుతున్నాయి గనక, చేతిలో తీరిక, చేతుల్లో విద్య రెండూ ఉన్నాయి. ఆయన ఫొటో చూసి మొదట అడిగింది టాంకు గురించి కాదు, టైరు గురించి.

“పాత బుల్లెట్టుకు మూడుంబావు – పందొమ్మిది టైరు. నేల నుంచి పైదాకా ఇరవై అయిదున్నర అంగుళాలు. ఫొటోలో చక్రం ఎంతుందో కొలిస్తే మిగతా కొలతలన్నీ అవే వస్తాయి,” అన్నాడు. స్కేలు పెట్టి కొలిచాడు. టాంకు పొడుగు, ఎత్తు, సీటు ఎత్తు, మడ్డుగార్డు వంపు, అన్నీ కాగితం మీదికి దిగాయి. అయితే మేనల్లుడి బండి చక్రం 17 అంగుళాలది. తాతగారి బండి కొలతలతోనే టాంకు చేస్తే చిన్నపిల్లవాడి నెత్తిన పెద్ద తలపాగా పెట్టినట్టుంటుంది. అందుకని అన్నిటినీ ఒకే పాళ్లలో తగ్గించాడు. రెడీమేడు టాంకులు కొని బిగించినవారి బండ్లు ఎందుకో ఎబ్బెట్టుగా కనబడతాయి. కారణం చాలావరకు ఇదే.

మధ్యలో ఒక ప్రలోభం వచ్చింది. పాత సామాన్ల వ్యాపారి ఒకడు తన దగ్గర అసలు బుల్లెట్టు టాంకే ఉన్నదన్నాడు. వెళ్లి చూస్తే టాంకు ఒక్కటే కాదు, బండికి బండే ఉన్నది, 1960లది. తుప్పు పట్టింది గాని కాగితాలున్నాయి. టాంకు, హెడ్‌లైటు ముసుగు, మడ్డుగార్డులు విడదీసి ఇస్తానన్నాడు. మేనల్లుడి కళ్లు మెరిశాయి. మేస్త్రి మాత్రం, “బాబూ, అది ఇంకా చావలేదు. దాని చర్మం వలిచి మన బండికి కప్పుతావా?” అన్నాడు.

ఆయన మాటలో సెంటిమెంటే కాదు, లెక్క కూడా ఉన్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 20,000 రూపాయలు కడితే పదేళ్లకు రిజిస్ట్రేషను ఇస్తారు. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అనే గుర్తు ఉంటుంది. రోజూ తిరగడానికి పనికిరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. షరతు ఒక్కటే ముఖ్యం: చాసిస్, ఇంజను, పై బాడీ మార్చి ఉండకూడదు. ఇంతకీ ఆ తుప్పు బండిని విడదీస్తే ఏమవుతుంది? అది ఎప్పటికీ వింటేజి కాలేదు. దాని తోలు కప్పుకున్న మన బండీ కాదు. ఉన్న ఒక్కటీ పోయి రెండు నకిలీలు మిగులుతాయి. ఇల్లా ఎన్ని మంచి బండ్లు ముక్కలైపోయాయో ఆ కొట్ల వెనక గుట్టలు చూస్తే తెలుస్తుంది. నాకు ఈ మొత్తం సోకులో కోపం తెప్పించేది ఇదొక్కటే.

మేనల్లుడు రెండు రోజులు ముభావంగా ఉండి, చివరికి కొత్త టాంకుకే ఒప్పుకున్నాడు.

టాంకు చేయడం చూసి తీరవలసిన పని. ముందు అట్టముక్కలతో ఆకారం. తరవాత 20 గేజీ రేకు కోసి, ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో తట్టుతూ తట్టుతూ గుంట తీశాడు. ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి, గుర్రం వీపు మీద జీనులా ఫ్రేము మీద కూర్చునే కింది రేకు ఒకటి. పాత రోజుల్లో అయితే అక్కడికి కింద కుళాయి బిగిస్తే సరి. ఇప్పటి బండ్లకు అల్లా కాదు. పెట్రోలు ఇంజెక్షను బండ్లలో పంపు టాంకు లోపలే ఉంటుంది, కింద పెద్ద గుండ్రటి మూతితో. ఆ మూతి రబ్బరు వాషరుతో ఖచ్చితంగా కూర్చోకపోతే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది. చేత్తో అంత నునుపుగా చేయడం కష్టం. మేస్త్రి అదే మోడలుది ఒక సొట్టబోయిన కంపెనీ టాంకు తెప్పించి, దాని మూతి భాగం కోసి కొత్త టాంకుకు అతికించాడు.

ఆ కోసేముందు పాత టాంకు నిండా నీళ్లు పోశాడు. ఖాళీ టాంకే కదా అని గ్యాసు మంట పెట్టేవారున్నారు. ఖాళీ టాంకే ఎక్కువ ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది. అల్లాగే బండి మీద కరెంటు వెల్డింగు చేయవలసి వస్తే ముందు బ్యాటరీ వైర్లు ఊడదీయాలి, లేకపోతే కంప్యూటరు కాలిపోతుంది. మా బండి ఫ్రేముకు మాత్రం వెల్డింగు మంట సోకనే లేదు. ప్రతి తొడుగూ కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బిగించాడు. విప్పిన ప్లాస్టిక్కు సామానంతా మా చెల్లెలి ఇంటి అటక మీద ఉన్నది. ఏ అధికారి అయినా కాదంటే ఒక పూటలో మళ్లీ పాత వేషం, అనగా కొత్త వేషం, వేసేయవచ్చు.

టాంకు అతుకులకు సబ్బునీళ్లు రాసి, లోపలికి మెల్లగా గాలి పంపి, బుడగలు లేవని చూసుకున్నాక పెట్రోలు పోశారు. ఒక కొత్త విశేషం అప్పుడు తెలిసింది. పెట్రోలు ముల్లు కంపెనీ టాంకు ఆకారానికి లెక్క కట్టినది గనక, ఈ టాంకులో అది అబద్ధాలాడుతుంది. లీటరు లీటరుగా పోసి, ముల్లు ఎక్కడ నిలిచిందో కాగితం మీద రాసుకున్నాడు మేనల్లుడు. మిశ్రలోహపు చక్రాలు, బ్రేకులు, ఏబీఎస్, సైలెన్సరు దేన్నీ ముట్టుకోలేదు. స్పోకుల చక్రాలుంటే అందమే; కాని ట్యూబులేని టైర్ల సుఖం వదులుకుని, ఏబీఎస్ పళ్ల చక్రంతో కుస్తీ పట్టడం తెలివి కాదు. నల్లరంగు వేస్తే నాలుగడుగుల దూరంలో చూపుకే ఆనవు. సైలెన్సరు ఊడదీసి ఊరంతా మోత మోగించే సరదా సంగతి చెప్పనక్కరలేదు. మన పోలీసులు అల్లాంటివి వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

రంగు దగ్గర ఇంట్లో యుద్ధం. ఫొటోలో అంతా నలుపూ తెలుపే. చెల్లెలు ఆకుపచ్చ అంటుంది, అత్తగారు నలుపంటారు. బండి పత్రంలో నలుపని ఉన్నది కాబట్టి అత్తగారే గెలిచారు. దాని మీద బంగారు గీతలు వేయాలి. మద్రాసు కర్మాగారంలో బుల్లెట్టు టాంకుల మీద ఆ గీతలు చేత్తోనే వేసే ఆచారం నడిచింది. ఇక్కడ వేసింది ఒక ముసలి లారీ ఆర్టిస్టు. గద్దలు, తామరపూలు, ‘మళ్లీ కలుద్దాం’లు రాసి బతికినవాడు, రేడియం స్టిక్కర్లు వచ్చాక చేతిలో పని పోయింది. పొడుగాటి వెంట్రుకల కుంచె ముంచి, చిటికెనవేలు టాంకుకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగున లాగాడు. ఎడమ గీతకీ కుడి గీతకీ వెంట్రుకవాసి తేడా ఉన్నది. అది ఉండడమే నాకు నచ్చింది. ఆయన మాత్రం ఆ తేడా చూసి నాలుగుసార్లు తల అడ్డంగా ఊపాడు.

ఖర్చు అడుగుతారు గనక చెబుతున్నాను: సెకండుహాండు బండి ధరలో సగానికి దగ్గరగా అయింది. మూడు వారాలు పట్టింది. సోకుకు ఇంతా అంటే, మిర్చి ధర బాగున్న ఏడు గనక సరిపోయింది.

ఆఖర్న ముందు మడ్డుగార్డు దగ్గర చిన్న తగాదా వచ్చింది. మేనల్లుడు అది టైరును ఒరుసుకున్నంత దగ్గరగా, పాత కంపెనీ బొమ్మల్లోలాగా ఉండాలన్నాడు. మేస్త్రి ఫొటో తెచ్చి చూపించాడు. తాతగారి బండికి అక్కడ రెండు వేళ్ల సందు ఉన్నది, బొమ్మల్లోకన్నా ఎక్కువ. ఎందుకో మాలో ఎవరికీ అర్థం కాలేదు. అత్తగారిని అడిగితే నవ్వారు. “వాషర్లు వేయించి ఎత్తించాడు. మన రేగడి సంగతి కంపెనీవాడికేం తెలుసు?”

జూలైలో వానలు పడ్డాయి. నల్లరేగడి డొంకలో ముద్దలు ముద్దలుగా టైరుకు పట్టి, మడ్డుగార్డు కింద కూరుకుపోయి, కొత్త బండ్లు కూడా పదడుగులకొకసారి ఆగిపోతుంటాయి. దిగి పుల్లతో గోక్కోవలసిందే. మేనల్లుడి బండి చేనుదాకా పోతున్నది. గట్టు దగ్గర ఒకసారి ఆగి గోకుతాడట. అందుకోసం కందిపుల్ల ఒకటి ఆ పాతకాలపు సామాను పెట్టెలో పెట్టుకున్నాడు.